కారు ఎవరిది? అమెరికా వ్యవసాయ ప్రదర్శన మైదానాల్లో తొలినాటి మోటారు పందేలు: చోదకులు, యజమానులు (1896–1936)

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్ది చివరి దశకం నుంచి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని వ్యవసాయ ప్రదర్శన మైదానాల్లో మోటారు పందేలు జరుగుతూ వచ్చాయి. వాటి చరిత్ర ఎక్కువగా వేగపు రికార్డుల పట్టికగానో, కొద్దిమంది వీరుల జీవితకథగానో నమోదైంది. ఈ వ్యాసం ఆ చరిత్రను కారు యాజమాన్యం అనే కోణం నుంచి పరిశీలిస్తుంది. నాలుగు దశాబ్దాల కాలంలో కారు తయారీదారుని చేతి నుంచి ప్రదర్శన నిర్వాహకుని చేతికి, అక్కడి నుంచి చిన్న మరమ్మతుశాల యజమాని చేతికి చేరింది. ఈ మార్పుతో పాటు చోదకుని హోదా, అతని రాబడి, పందెంలో నిజాయితీ, ప్రమాదభారం ఎలా మారాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. నల్లజాతి చోదకులకూ స్త్రీలకూ సొంత కారు ఉన్నా బాట ఎందుకు తెరుచుకోలేదన్న ప్రశ్ననూ ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: వ్యవసాయ ప్రదర్శన, మోటారు పందెం, చోదకుడు, యాజమాన్యం, ఏఏఏ, ఐఎంసీఏ, బార్నీ ఓల్డ్‌ఫీల్డ్, చార్లీ విగ్గిన్స్.

1. ఉపోద్ఘాతం

1903 సెప్టెంబరులో మిల్వాకీ నగరంలోని విస్కాన్సిన్ రాష్ట్ర వ్యవసాయ ప్రదర్శన మైదానంలో జరిగిన పందేల్లో 'యారో' అనే కారు ప్రమాదానికి గురైంది. దానిని నడుపుతున్న ఫ్రాంక్ డే మరణించాడు. ఆ కారును అంతకు ముందు సంవత్సరం హెన్రీ ఫోర్డ్, సైకిలు పందేల్లో పేరుమోసిన టామ్ కూపర్‌తో కలిసి తయారుచేశాడు. ప్రమాదంలో ధ్వంసమైన ఆ కారు తరువాత ఫోర్డ్ చేతికి తిరిగి వచ్చింది. అతడు దానిని బాగుచేసి, '999' అని పేరు మార్చి, 1904 జనవరి 12న గడ్డకట్టిన సెయింట్ క్లెయిర్ సరస్సు మీద స్వయంగా నడిపి గంటకు 91.37 మైళ్ళ వేగాన్ని అందుకున్నాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

నాలుగు నెలల వ్యవధిలో ఒకే కారు ఒకరి ప్రాణం తీసింది, మరొకరికి కీర్తి తెచ్చింది. రెండో సంఘటన ప్రతి మోటారు చరిత్రలోనూ కనిపిస్తుంది. మొదటిది ఎక్కడో ఒక వాక్యంలో ముగిసిపోతుంది. ఈ తేడా కేవలం చరిత్రకారుల మరపు వల్ల ఏర్పడినది కాదు. కారు ఎవరిది, పందెం ఎవరిది, రికార్డు రాసే పుస్తకం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాల్లోనే దాని మూలాలున్నాయి.

ఇక్కడ 'వ్యవసాయ ప్రదర్శన' అన్న మాటను వివరించుకోవాలి. అమెరికాలో కౌంటీ స్థాయిలోనూ రాష్ట్ర స్థాయిలోనూ ఏటా కోతల కాలానికి కాస్త అటూ ఇటూగా జరిగే ఈ వేడుకకు జాతరలోని జనసందడి ఉంది గాని, జాతరకు ఉండే దైవసంబంధం లేదు. పశువుల పోటీలు, పంటల బహుమతులు, యంత్రాల ప్రదర్శన, వినోదం అన్నీ ఒకే ప్రాంగణంలో జరుగుతాయి. కాబట్టి 'జాతర', 'తిరునాళ్ళు' అనే మాటలను వదిలి ఈ వ్యాసంలో 'వ్యవసాయ ప్రదర్శన' అనే మాటనే వాడటం జరిగింది.

2. గుర్రపు బాట మీదికి కారు

ఈ మైదానాల్లో కారు రాకముందే పందెపు బాట ఉంది. తేలికపాటి బండికి కట్టిన గుర్రాల పరుగు కోసం అరమైలు లేదా మైలు చుట్టుకొలతతో మట్టిబాట, దాని ఎదుట ప్రేక్షకుల మెట్లు, లోపలా వెలుపలా కొయ్య కంచె ఉండేవి. 1896 సెప్టెంబరు 7న రోడ్ ఐలండ్ రాష్ట్ర ప్రదర్శనలో భాగంగా క్రాన్‌స్టన్ దగ్గరి నారగాన్‌సెట్ పార్కులో ఇలాంటి మైలు బాట మీద కార్లు పోటీ పడ్డాయి. అమెరికాలో బాట మీద జరిగిన తొలి మోటారు పందెంగా దానిని పరిగణిస్తారు. పోటీలో పెట్రోలు కార్లే ఎక్కువగా ఉన్నా గెలిచింది విద్యుత్తుతో నడిచే రైకర్ కారు.

మిల్వాకీ మైలు బాట మీద 1903 సెప్టెంబరు 11న తొలి మోటారు పందెం జరిగింది. ఇండియానా రాష్ట్ర ప్రదర్శన మైదానంలో అదే ఏడాది జూన్ 20న బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ మైలు దూరాన్ని 59.6 సెకన్లలో పూర్తిచేశాడు. గుండ్రటి బాట మీద నిమిషం లోపు మైలు దాటిన తొలి చోదకుడు అతడే.

గుర్రాల కోసం వేసిన బాట కారుకు అనేక విధాల ప్రమాదకరం. మలుపుల్లో చాలినంత వాలు ఉండేది కాదు. పొడి మట్టి మీద ముందు వెళ్ళే కారు లేపే దుమ్ములో వెనకవారికి దారి కనిపించేది కాదు. గుర్రాన్ని అదుపులో ఉంచడానికి సరిపోయిన కొయ్య కంచె టన్నుకు పైగా బరువున్న కారును ఆపలేకపోయేది. పైగా విరిగిన కంచె కర్రలే చోదకునికి ఆయుధాలయ్యేవి. కారు చక్రాలు బాటను గుంటలు పెడతాయి కాబట్టి గుర్రాల పోటీలన్నీ ముగిశాక, తరచుగా ప్రదర్శన చివరి రోజున, మోటారు పందేలు ఉంచేవారు. ఈ బాటలు కారును ఇంటివాడిగా కాక ఆలస్యంగా వచ్చిన అతిథిగానే చూశాయి.

3. మొదటి దశ: తయారీదారుడే యజమాని

తొలి పదిహేనేళ్ళలో పందెపు కారుకు యజమాని సాధారణంగా దానిని తయారుచేసిన సంస్థే. కారు అంటే జనానికి ఇంకా నమ్మకం కుదరని కాలమది. పత్రికా ప్రకటనకన్నా పందెంలో గెలుపే గట్టి ప్రకటన. 1901 అక్టోబరు 10న డెట్రాయిట్ శివారులోని గ్రోస్ పాయింట్ గుర్రపు బాట మీద హెన్రీ ఫోర్డ్, అప్పటికే పేరున్న తయారీదారు అలెగ్జాండర్ వింటన్‌ను ఓడించాడు. ఆ పందెంలో ఇద్దరూ తయారీదారులే, ఇద్దరూ చోదకులే. యజమాని తన కారుకు తానే ప్రాణం ఒడ్డిన అరుదైన సందర్భం అది.

ఏడాది తిరిగేసరికి ఈ రెండు పాత్రలూ విడిపోయాయి. ఫోర్డ్, కూపర్ కలిసి తయారుచేసిన భారీ కారును వేగంగా నడపడానికి వారిద్దరూ వెనకాడారు. అప్పుడు సైకిలు పందేల నుంచి వచ్చిన ఓల్డ్‌ఫీల్డ్‌ను పిలిపించారు. కారు నడపడం కొద్ది రోజుల ముందే నేర్చుకున్న ఓల్డ్‌ఫీల్డ్ 1902 అక్టోబరు 25న అదే గ్రోస్ పాయింట్‌లో వింటన్‌పై గెలిచాడు. అప్పటికే ఫోర్డ్ ఆ కారులో తన వాటాను కూపర్‌కు అమ్మేశాడు. అయినా ఆ గెలుపు వల్ల వచ్చిన పేరు ఫోర్డ్‌కూ దక్కింది. యజమాని వేరు, చోదకుడు వేరు అన్న ఏర్పాటుకు ఈ పందెం ఒక ఆరంభం. ఆ తరువాత ఓల్డ్‌ఫీల్డ్ వింటన్ సంస్థ తరఫునా, పియర్‌లెస్ సంస్థ తరఫునా కార్లు నడిపాడు. నోట్లో చుట్ట బిగించుకుని కనిపించే అతని రూపం దేశమంతటా పరిచితమైంది.

తయారీదారు యాజమాన్యానికి కేస్ సంస్థ ఉదాహరణ విశిష్టమైనది. విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్ పట్టణంలోని ఈ సంస్థ నూర్పిడి యంత్రాలకు ప్రసిద్ధం. దాని ఖాతాదారులు రైతులు. రైతులు గుమిగూడే చోటు వ్యవసాయ ప్రదర్శన. 1911 ప్రాంతంలో కార్ల వ్యాపారంలో దిగిన ఈ సంస్థ ఇండియానాపొలిస్ తొలి 500 మైళ్ళ పందెంలోనూ, రాష్ట్ర ప్రదర్శనల బాటల మీదా తన కార్లను పరుగెత్తించింది. సంస్థ స్థాపకుడు జెరోమ్ కేస్‌కు ఒకప్పుడు 'జే-ఐ-సీ' అనే ప్రసిద్ధ పందెపు గుర్రం ఉండేది. ఆ పేరు యజమాని పేరులోని మూడు పొడి అక్షరాలే. తరువాతి కాలంలో లూయిస్ డిస్బ్రో ప్రదర్శనల్లో నడిపిన కేస్ వారి భారీ పందెపు కారుకూ అదే పేరు పెట్టారు. గుర్రపు బాట మీదికి గుర్రం పేరుతోనే కారు రావడం ఈ సంధికాలానికి చక్కని సంకేతం.

ఈ సంస్థ చోదకుల అనుభవం మాత్రం భిన్నమైనది. జట్టు నాయకుడు లూయిస్ స్ట్రాంగ్ 1911 జూలైలో విస్కాన్సిన్‌లో కార్ల సామర్థ్య యాత్ర సాగుతుండగా మరణించాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన జో యాగర్స్‌బర్గర్ అదే సంవత్సరం చివరలో దక్షిణ కరొలినా రాష్ట్రంలోని కొలంబియాలో జరిగిన ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. సంస్థకు పందెం ఒక ప్రకటన ఖర్చు. చోదకునికి అది ఒళ్ళు.

4. రెండో దశ: నిర్వాహకుడే యజమాని

కార్లు సామాన్య వస్తువులయ్యే కొద్దీ తయారీదారులకు మట్టిబాటల అవసరం తగ్గింది. ప్రదర్శనల కమిటీలకు మాత్రం మోటారు పందెం లేనిదే ప్రేక్షకుల మెట్లు నిండని పరిస్థితి ఏర్పడింది. ఈ ఖాళీని పూరించినవారు వృత్తి నిర్వాహకులు. కార్లనూ చోదకులనూ సమకూర్చి, ఊరూరా ప్రదర్శన తేదీలను వరుసగా కుదుర్చుకుని, రైలులో కార్లను తరలిస్తూ వారు ఈ వ్యాపారాన్ని నడిపారు. ఓల్డ్‌ఫీల్డ్‌కు విల్ పికెన్స్ ఇలాంటి నిర్వాహకుడు. వీరందరిలో జె. అలెక్స్ స్లోన్ ప్రభావం ఎక్కువ కాలం నిలిచింది.

ఒకే వ్యక్తి చేతిలో పలు కార్లు ఉన్నప్పుడు పందెం స్వభావమే మారుతుంది. రెండు కార్లలో ఏది గెలిచినా డబ్బు ఒకే జేబులోకి వెళ్తుంది. అప్పుడు యజమానికి కావలసినది గెలుపు కాదు, ఉత్కంఠ. మూడు విడతల పందెంలో పేరున్న చోదకుడు మొదటిది గెలిచి, రెండోది ఓడి, మూడోది చివరి క్షణంలో గెలవడం ఒక రివాజుగా మారింది. కుదుర్చుకున్న ఈ పోటీలు ప్రేక్షకులకు పూర్తిగా తెలియనివీ కావు. కుదుర్చుకున్నది ఫలితం మాత్రమే. దుమ్ము, వేగం, కంచె నిజమైనవి. ఫలితం ముందే తెలిసిన పందెంలోనూ మరణం ముందే తెలియదు. ఈ విషయాన్ని విస్మరించి ఆ పందేలను వట్టి బూటకమని కొట్టివేయడం చోదకుల పట్ల అన్యాయం అవుతుంది.

జాతీయ స్థాయిలో పందేలకు గుర్తింపు ఇచ్చే అధికారం అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ (ఏఏఏ) చేతిలో ఉండేది. దాని అనుమతి లేని పందెంలో పాల్గొన్న చోదకుని ఆ సంస్థ బహిష్కరించేది. 1915లో ప్రదర్శనల నిర్వాహకుల అండతో ఇంటర్నేషనల్ మోటార్ కాంటెస్ట్ అసోసియేషన్ (ఐఎంసీఏ) ఏర్పడింది. స్లోన్ పందేలకు ఇది గొడుగు పట్టింది. అప్పటి నుంచి మట్టిబాట చోదకులు రెండు వర్గాలుగా చీలారు. ఒక వర్గం వారి పేర్లు రికార్డు పుస్తకాల్లో చేరాయి. రెండో వర్గం వారికి 'బహిష్కృతులు' అన్న ముద్ర మిగిలింది.

సిగ్ హౌగ్డాల్ జీవితం దీనికి నిదర్శనం. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఇతడు యంత్ర నిపుణుడు. విమానపు ఇంజనుతో 'విస్కాన్సిన్ స్పెషల్' అనే సన్నని కారును నిర్మించి, 1922 ఏప్రిల్ 7న డేటోనా సముద్రతీరంలో గంటకు సుమారు 180 మైళ్ళ వేగంతో నడిపాడు. ఆ పరుగు ఏఏఏ పర్యవేక్షణలో జరగలేదు కాబట్టి రికార్డుగా నమోదు కాలేదు. 1927 నుంచి వరుసగా ఆరేళ్ళు అతడు ఐఎంసీఏ విజేతగా నిలిచాడు. నిర్వాహకుల ప్రచారంలో అతిశయోక్తులు మామూలే. అందుచేత ఆ వేగాన్ని అనుమానించే హక్కు చరిత్రకారునికి ఉంది. అయితే అనుమానించడం వేరు, పరిశీలించకుండా వదిలేయడం వేరు. హౌగ్డాల్ విషయంలో ఎక్కువగా జరిగింది రెండోదే.

5. మూడో దశ: మరమ్మతుశాల యజమాని

1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షల దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారు మట్టిబాటల ముఖచిత్రాన్ని మార్చింది. 1920ల నడుమ దానిలో చిన్న రకం ధర 300 డాలర్ల లోపు. పాతబడిన కారైతే ఇంకా చవక. దాని ఇంజను సామర్థ్యం 20 అశ్వశక్తి మాత్రమే. అయితే ఇంజను పైభాగాన్ని తీసివేసి, మెరుగైన కవాటాలున్న భాగాన్ని బిగిస్తే ఆ శక్తి బాగా పెరిగేది. షెవర్లే సోదరులు తయారుచేసిన 'ఫ్రాంటెనాక్', రసీన్‌లో తయారైన 'రాజో' ఇలాంటి భాగాలే. 'రాజో' అన్న పేరు రసీన్‌లోని 'రా', జోలోని 'జో' కలిపి పెట్టినది. ఆ జో మరెవరో కాదు, కేస్ సంస్థ కారు నడుపుతూ కాలు కోల్పోయిన యాగర్స్‌బర్గరే. యజమాని ప్రకటన కోసం శరీరాన్ని కోల్పోయిన చోదకుడు, చిన్నవారు తమ పందెపు కారుకు తామే యజమానులయ్యే సాధనాన్ని తయారుచేయడం ఈ చరిత్రలో ఒక గొప్ప మలుపు.

ఈ కార్ల సత్తా మట్టిబాటలకే పరిమితం కాలేదు. 1923లో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో బార్బర్-వార్నాక్ అనే స్థానిక ఫోర్డ్ విక్రయ సంస్థ పంపిన ఫ్రాంటెనాక్-ఫోర్డ్ కారు ఐదో స్థానంలో నిలిచింది. ఊళ్ళలో మరమ్మతుశాలలు, కారు విక్రయశాలలు నడిపేవారు ఇప్పుడు పందెపు కారు యజమానులయ్యారు. చోదకునికి జీతం బదులు బహుమతి డబ్బులో వాటా ఇచ్చే పద్ధతి స్థిరపడింది. యజమాని, చోదకుడు ఒకే ఊరివారు, ఒకే రకం పని తెలిసినవారు కావడంతో వారి మధ్య దూరం తగ్గింది. నిర్వాహకుడు కుదిర్చిన ఫలితానికి తలవంచవలసిన అవసరమూ ఆ మేరకు తగ్గింది. అయితే కారు విరిగితే మరమ్మతు ఖర్చూ, ఒళ్ళు విరిగితే వైద్యం ఖర్చూ ఇప్పుడు ఆ చిన్న మనుషుల మీదే పడ్డాయి.

6. సొంత కారు ఉన్నా తెరుచుకోని బాట

యాజమాన్యం చాలా తలుపులు తెరిచింది, కాని అన్నిటినీ కాదు. ప్రపంచ హెవీవెయిట్ ముష్టియుద్ధ విజేత జాక్ జాన్సన్‌కు ధనమూ ఉంది, వేగమైన కార్లూ ఉన్నాయి. 1910 అక్టోబరు 25న బ్రూక్లిన్‌లోని షీప్స్‌హెడ్ బే గుర్రపు బాట మీద అతడు ఓల్డ్‌ఫీల్డ్‌తో తలపడి ఓడాడు. నల్లజాతి వ్యక్తితో అనుమతి లేని పందెంలో పాల్గొన్నందుకు ఏఏఏ ఓల్డ్‌ఫీల్డ్‌ను సస్పెండ్ చేసింది. ఇక్కడ శిక్షకు కారణం నియమభంగమా, వర్ణవివక్షా అన్న ప్రశ్నకు నాటి వాతావరణమే సమాధానం చెబుతుంది.

బాట మీదికి రానివ్వనప్పుడు నల్లజాతి చోదకులు తమ పందేలను తామే నిర్మించుకున్నారు. 1924 ఆగస్టు 2న ఇండియానా రాష్ట్ర ప్రదర్శన మైదానంలో, అంటే ఓల్డ్‌ఫీల్డ్ నిమిషం లోపు మైలు దాటిన అదే బాట మీద, వారి కోసం 100 మైళ్ళ పందెం జరిగింది. 'గోల్డ్ అండ్ గ్లోరీ' పేరుతో ప్రసిద్ధమైన ఈ వార్షిక పందెంలో చార్లీ విగ్గిన్స్ నాలుగుసార్లు గెలిచాడు. విగ్గిన్స్ ఇండియానాపొలిస్‌లో మరమ్మతుశాల నడిపేవాడు. తాను నడిపే 'విగ్గిన్స్ స్పెషల్'ను తానే తయారుచేసుకున్నాడు. యజమాని, యంత్రకారుడు, చోదకుడు అనే మూడు పాత్రలూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం ఇది. అయినా అదే నగరంలో జరిగే 500 మైళ్ళ పందెంలోకి అతనికి ప్రవేశం దొరకలేదు. 1934లో ఆ పందెం గెలిచిన బిల్ కమింగ్స్ కారును సిద్ధం చేయడంలో విగ్గిన్స్ నైపుణ్యం ఉంది. కాని గ్యారేజీలో ఉండటానికి అతడు ఊడ్చే పనివాడిగా కనిపించవలసి వచ్చింది. 1936 నాటి గోల్డ్ అండ్ గ్లోరీ పందెంలో పలు కార్లు ఢీకొన్న ప్రమాదంలో అతడు ఒక కాలు కోల్పోయాడు. ఆ పందేల పరంపర కూడా దానితోనే ముగిసింది.

స్త్రీల అనుభవమూ ఇలాంటిదే. 1909 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ గుర్రపు బాట మీద జోన్ న్యూటన్ క్యూనియో పురుష చోదకులతో పోటీపడి, ఒక పందెంలో రాల్ఫ్ డిపాల్మా తరువాతి స్థానంలో నిలిచింది. ఆమె కార్లు ఆమె సొంతం. ఆ విజయాల వెంటనే ఏఏఏ స్త్రీలను పందేల నుంచి నిషేధించింది. నిషేధం తరువాత స్త్రీలకు మిగిలింది పోటీ కాదు, విన్యాసం. ఎల్‌ఫ్రీడా మైస్ ఏళ్ళ తరబడి ప్రదర్శన మైదానాల్లో గడియారంతో పోటీపడే పరుగులు, సాహస విన్యాసాలు చేసింది. 1934 సెప్టెంబరులో అలబామా రాష్ట్ర ప్రదర్శనలో మండుతున్న చెక్కగోడను కారుతో ఛేదించే విన్యాసంలో ఆమె మరణించింది. పురుషులతో పోటీపడటం స్త్రీకి ప్రమాదకరమని నిషేధించిన సమాజం, ఆమె నిప్పులోంచి దూసుకుపోవడాన్ని టికెట్టు కొని చూసింది.

7. ప్రమాదభారం

1911 సెప్టెంబరు 16న సిరక్యూస్‌లో, న్యూయార్క్ రాష్ట్ర ప్రదర్శన చివరి రోజున, లీ ఓల్డ్‌ఫీల్డ్ నడుపుతున్న నాక్స్ కారు టైరు పగిలి, కంచెను ఛేదించుకుని జనం మీదికి దూసుకుపోయింది. పదకొండు మంది మరణించారు. అధ్యక్షుడు టాఫ్ట్ ఆ రోజే ప్రదర్శనను సందర్శించాడు. ఇలాంటి సందర్భాల్లో మొదటి వేలు చోదకుని వైపే చూపుతుంది. బాట గుర్రాలకు వేసినదన్న సంగతి, కంచె కొయ్యదన్న సంగతి, జనాన్ని దాని పక్కనే నిలబెట్టినవారెవరన్న సంగతి తరువాత వస్తాయి. ప్రదర్శన కమిటీకి ప్రవేశ రుసుము, నిర్వాహకునికి వాటా, తయారీదారుకు ప్రచారం ముందే చేరిపోతాయి. మిగిలిన లెక్క చోదకునిదీ ప్రేక్షకునిదీ.

1933 నుంచి వరుసగా ఐదేళ్ళు ఐఎంసీఏ విజేతగా నిలిచిన గస్ ష్రేడర్ వంటి అగ్రశ్రేణి చోదకుడు సైతం 1941 అక్టోబరులో ష్రీవ్‌పోర్ట్‌లోని లూసియానా రాష్ట్ర ప్రదర్శనలో పందెంలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఫ్రాంక్ డే నుంచి ష్రేడర్ దాకా గడచిన ముప్పై ఎనిమిదేళ్ళలో కారు యజమానులు మూడు రకాలుగా మారారు. మట్టిబాట పక్కని కంచె మాత్రం పెద్దగా మారలేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. వ్యవసాయ ప్రదర్శన మైదానాల పందేల చరిత్రలో కారు యాజమాన్యం తయారీదారుని నుంచి నిర్వాహకునికి, అతని నుంచి చిన్న మరమ్మతుశాల యజమానికి మారింది. ఈ దశలు ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నా, ప్రధాన ధోరణి మాత్రం ఇదే.

2. పందెంలో కుదుర్చుకున్న ఫలితాలకు మూలం చోదకుల నైతికతలో కన్నా, పలు కార్లు ఒకే చేతిలో ఉండే ఏర్పాటులో ఉంది. యాజమాన్యం చెదిరిన కొద్దీ పోటీలో నిజాయితీకి అవకాశం పెరిగింది.

3. కారు సొంతం చేసుకోవడం వల్ల కొందరికి స్వాతంత్ర్యం దక్కింది. కాని జాన్సన్, విగ్గిన్స్, క్యూనియోల అనుభవాలు చూస్తే, గుర్తింపు ఇచ్చే అధికారం వేరొకరి చేతిలో ఉన్నప్పుడు ఆస్తి ఒక్కటే బాటను తెరవలేదని స్పష్టమవుతుంది.

4. 1955లో ఏఏఏ పందేల నిర్వహణ నుంచి తప్పుకుంది. కాని దాని పుస్తకాల్లో చేరినవే నేటికీ రికార్డులుగా చలామణి అవుతున్నాయి. ఆ పుస్తకాలకు వెలుపల ఉన్న చోదకులను చేర్చకుండా ఈ క్రీడ చరిత్ర సమగ్రం కాదు.

గడ్డకట్టిన సరస్సు మీద 91.37 మైళ్ళ వేగాన్ని నమోదు చేసిన గడియారం అబద్ధం చెప్పలేదు. ఆ కారులో అంతకు ముందు కూర్చున్న మనిషి ఎవరన్నది చెప్పడం మాత్రం గడియారం పని కాదు, చరిత్రకారుని పని.